ముడి కట్టందే గాలం అమ్మని మనిషి

కాలవలకు నీళ్ళిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ నీళ్ళలో జెల్లకు మీసాలూ, గొరక చేపకు ముళ్ళూ, కొరమీనుకు బురదలో బతికే ఓపికా అమర్చిన చేతులకు స్తోత్రం. నా చేతి పట్టును కొంతకాలం తన దగ్గర ఉంచుకుని, మళ్ళీ ఒక్కొక్క వేలుగా తిరిగి ఇచ్చినందుకు, అలా ఇచ్చేటప్పుడు ఒక దుకాణదారుణ్ణి వాడుకున్నందుకు ఆయన నామానికి మహిమ కలుగును గాక.

ఆ దుకాణదారుడు పోయిన నెలలో చనిపోయాడు.

రేపల్లెలో, బస్టాండు వెనక వీధిలో ఉంది ఆయన కొట్టు. బోర్డు మీద పేరు లేదు. ‘వలలు, తాళ్ళు, బెండ్లు, సీసం’ అని మాత్రం ఉంటుంది. లోపల నిండా పడవల వాళ్ళ సరుకే. నాలాగా సరదాకు కాలవ గట్టున కూర్చునే గాలాల వాళ్ళ కోసం బల్లకు రెండు సొరుగులు, మూల నిలబెట్టిన పది కర్రలు, అంతే. వేటకు వెళ్ళేవాళ్ళు ఆయన్ని మామా అనేవారు. నేను అన్నగారూ అనేవాణ్ణి. పేరుతో ఆయనకెప్పుడూ పని పడలేదు కాబట్టి నేనూ ఇక్కడ రాయడం లేదు.

లోపలికి వెళ్ళి ఏది అడిగినా ఆయన మొదటి మాట ఒకటే.

"ఏ నీళ్ళండి?"

కాలవ అంటే ఏ కాలవ అనేవాడు. పారే నీళ్ళా, నిలవ నీళ్ళా? అడుగున బురదా, ఇసకా? గట్టున తుమ్మచెట్లున్నాయా? సముద్రం వైపయితే పోటు మీద వేస్తారా, పాటు మీద వేస్తారా? ఇన్నీ చెబితే గానీ సొరుగు తెరుచుకునేది కాదు. తెరిచాక ఒక గాలం తీసి, దాని మొనను తన బొటనవేలి గోటి మీద మెల్లగా లాగేవాడు. మొన గోటికి అంటుకుని ఆగితే నా ముందు పెట్టేవాడు. జారితే వెనక డబ్బాలో వేసేవాడు. అప్పుడే విప్పిన కొత్త పెట్టెలోవైనా సరే, ఒక్కొక్కటీ అలాగే చూసేవాడు.

"కొత్తవే కదా అన్నగారూ" అన్నానొకసారి.

"కంపెనీకి గోరు లేదు కదండి" అన్నాడు.

కళ్ళజోడును నైలాన్ దారంతో మెడకు కట్టుకునేవాడు. గాలానికి ముడి వేసి బిగించే ముందు దారాన్ని నోట్లో పెట్టి తడిపేవాడు. "పొడి ముడి బిగిస్తే లోపల దారం కాలుద్దండి. అప్పుడు కనపడదు. చేప పడ్డాక కనపడుద్ది" అనేవాడు. నవ్వడం తక్కువ. నవ్వు వస్తే పక్కకు తిరిగి తాళ్ళు సర్దేవాడు.

ఒకరోజు నేను ఉండగానే కారులో ఒకాయన వచ్చాడు. చేతికి ఉంగరాలు, వెనక ఇద్దరు మనుషులు. "మీ దగ్గర అన్నిటికంటే ఖరీదైన రాడ్ ఇవ్వండి" అన్నాడు.

"ఏ నీళ్ళండి?"

"ఏ నీళ్ళయితే ఏంటయ్యా?"

"అయితే ఏ రాడ్డయితే ఏంటండి? బయట ఎక్కడైనా దొరుకుద్ది" అని చెప్పి, నాతో ఆగిపోయిన మాట అందుకున్నాడు. కారాయన కాసేపు నిలబడి, వెళ్ళలేక, "మా చెరువులోకి" అన్నాడు చివరికి. అన్నగారు ఆ చెరువు గురించి పావుగంట అడిగి, ఆయనకు ఒక మామూలు వెదురు కర్ర ఇచ్చి పంపాడు. ఆయన సంతోషంగానే వెళ్ళాడు.

ఈ మనిషి దగ్గరికి నేను ఎలా చేరానో చెప్పాలి. నేరుగా చేరలేదు. దేవుడు నన్ను చాలా తిప్పి తీసుకెళ్ళాడు.

నేను తెనాలిలో ఉంటాను. వేమూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా చర్చి గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉంది. ప్రతి ఆదివారం ఆ వారపు వాక్యం దానిమీద సుద్దముక్కతో రాసే పని నాది. పెళ్ళి కాకముందు నుంచీ నాదే. రిటైరైన ఏడాదే పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, నడక దక్కింది. కుడిచెయ్యి మాత్రం భుజం దగ్గర నాది, వేళ్ళ దగ్గర ఎవరిదో అన్నట్టు మిగిలింది.

మొదట్లో సంఘమంతా నా చెయ్యి కోసం ప్రార్థన చేసింది. ఆ ప్రేమను మరచిపోను. కానీ రాను రాను ఆ ప్రార్థన నేను వినలేకపోయాను. అందరూ కళ్ళు మూసుకున్నా నా చేతినే చూస్తున్నట్టు ఉండేది. గుమ్మం పక్కన ఖాళీ బల్ల చూడలేకపోయాను. మెల్లగా ఆదివారాలు మానేశాను. ఇంట్లో వాక్యం చదువుకుంటున్నానని పాస్టరుగారికి చెప్పాను. చదవడం లేదు. అది అబద్ధం. ప్రభువు క్షమించాడని నమ్ముతున్నాను.

వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఒకరోజు విసుక్కుంది. "రబ్బరు బంతి పిసకమంటే మీరు పిసకరు సార్. ఏదైనా ఇష్టమైన పని ఆ చేత్తో చెయ్యండి. ఇప్పుడు కదిలించకపోతే ఆ వేళ్ళు అలాగే బిగిసిపోతాయి" అంది. పక్కనే ఉన్న మా అమ్మాయి ఆ మాట పట్టుకుంది. చిన్నప్పుడు దుగ్గిరాల కాలవ మీద మా నాన్నతో కలిసి గాలం వేసిన కథలు దానికి ఎన్నోసార్లు చెప్పాను. వారం తిరక్కుండా ఆన్‌లైనులో ఒక రాడ్డూ, దారం చుట్టే రీలూ తెప్పించింది.

రీలుకు పిడి ఎడమవైపు ఉంది. నేను బలమున్న ఎడమచేత్తో రాడ్డు పట్టుకోవాలి, బలం రావలసిన కుడిచేత్తో పిడి తిప్పాలి. అంటే పిడి కుడివైపు కావాలి. చాలా చిన్న సంగతి. కస్టమర్ కేరుకు ఫోన్ చేశాను.

ప్రతిసారీ కొత్త గొంతు. ప్రతిసారీ కథ మొదటినుంచి. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అని అందరూ అన్నారు గానీ, రీలు అంటే ఏంటో ఒక్కరికీ తెలియదు. తెలియదని ఒక్కరూ చెప్పలేదు. ఒక అమ్మాయి చాలా మర్యాదగా, "సార్, మీరు అటువైపు తిరిగి పట్టుకుంటే సరిపోతుంది కదా సార్" అంది. నేను నిజంగానే లేచి అటు తిరిగి చూశాను. మా అమ్మాయి నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది.

పదకొండోసారి, "లైన్‌లో ఉండండి సార్, మా పైవాళ్ళతో మాట్లాడిస్తాను" అన్నారు. ఇరవై నిమిషాలు అదే సంగీతం. కోపం వస్తోంది. కోపం వచ్చినప్పుడు ప్రార్థన చేయాలని సండేస్కూల్లో పిల్లలకు ముప్ఫయ్యేళ్ళు చెప్పినవాణ్ణి. ఫోను స్పీకరులో పెట్టి కళ్ళు మూసుకున్నాను. అన్నాళ్ళుగా చేయని ప్రార్థన, ఒక్కసారిగా పొంగింది. మధ్యలో సంగీతం ఆగింది. "హలో, చెప్పండి సార్" అని ఎవరో పెద్దమనిషి గొంతు. ప్రార్థన సగంలో ఆపడం మా ఇంట్లో లేదు. మా అమ్మ, పాలు పొంగుతున్నా ఆమేన్ అన్నాకే లేచేది. "హలో సార్... సార్ ఉన్నారా?" నేను దేశాన్నీ, పాలకులనూ, విధవరాండ్రనూ దాటి ఆమేన్ దాకా వచ్చి కళ్ళు తెరిచేసరికి ఫోను చల్లబడి ఉంది. కాసేపటికి సందేశం వచ్చింది. కస్టమర్ స్పందించనందున ఫిర్యాదు ముగించామని.

తర్వాత తెనాలిలో ఆటవస్తువుల కొట్టుకు వెళ్ళాను. "ఎటు తిప్పినా తిరుగుద్దండి, అన్నీ ఒకటే" అన్నాడు, సెల్‌ఫోను నుంచి తల ఎత్తకుండా. బాపట్లలో బీచికి వెళ్ళే దారిలో గాలం కర్రలు వేలాడదీసిన కొట్టు చూసి, బస్సెక్కి వెళ్ళాను. ఆ కొట్టతను నిజాయితీపరుడు. "ఇవి ఫొటోలకండి బాబాయ్. సముద్రం ముందు పట్టుకుని దిగుతారు. చేప పడిన సంగతి నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. మళ్ళీ తనే, "రేపల్లెలో ఒకాయనున్నాడండి, తెలిసినవాడు. కాకపోతే అమ్మడు" అన్నాడు.

"అమ్మకపోతే కొట్టెందుకయ్యా?"

"అదేనండి ఎవరికీ అర్థం కానిది."

మర్నాడు తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను.

రీలు బల్ల మీద పెట్టి నా కథంతా మొదలుపెట్టాను. పన్నెండోసారి చెప్పడం కదా, బాగా వచ్చింది. ఆయన వింటూనే రీలు చేతిలోకి తీసుకున్నాడు. పిడికి ఎదురువైపున్న చిన్న మూతను పట్టుకుని మర తిప్పాడు. పిడి ఊడి వచ్చింది. దాన్ని ఇవతలివైపు నుంచి దూర్చి, మూతను అవతల పెట్టి బిగించాడు. నా ముందుకు తోశాడు. పిడి కుడివైపు ఉంది.

నేనింకా కస్టమర్ కేరు నాలుగో ఫోను దగ్గరే ఉన్నాను.

"అంతేనా అన్నగారూ?"

"అంతేనండి. రెండు చేతుల వాళ్ళకీ పనికొచ్చేట్టే చేస్తారు. వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు పాపం."

పాపం అన్నాడు, నన్ను కాదు, వాళ్ళను. నాకు సిగ్గేసింది. కృతజ్ఞత కూడా పొంగింది. ఆ ఊపులో గాలాలు కూడా ఇవ్వమన్నాను. దుగ్గిరాల కాలవ గురించి అడగవలసినవన్నీ అడిగి, ఒక గాలం, మూరెడు దారం నా ముందు పెట్టాడు.

"కట్టి చూపించండి."

అది ఆయన పద్ధతి. గాలం కొనే ఎవరైనా ఆ బల్ల దగ్గర ముడి కట్టి చూపించాలి. ముడి నిలవకపోతే గాలం లేదు. నా కుడిచెయ్యి ఎత్తి చూపించాను.

"లోపలికొచ్చేటప్పుడే చూశానండి" అన్నాడు.

"అయితే మీరే కట్టి ఇవ్వండి. ఒక పది."

"పదీ అయిపోయాక? నీళ్ళ దగ్గర నేనుండను కదండి." ఆగి, ఇంకా నెమ్మదిగా అన్నాడు. "సరిగా కట్టని ముడి తెగిందనుకోండి, గాలం చేప నోట్లో ఉండిపోద్ది. తినలేదు. వారం పది రోజులు మాడి చచ్చిపోద్ది. మనకి సరదా మాస్టారూ. దానికి కాదు."

నాకు ఒళ్ళు మండింది. చేప మీద ఉన్న జాలి నా మీద లేదా అనిపించింది. రీలు సంచీలో పెట్టుకుంటుంటే ఆయన నా చేతివంకే చూస్తూ అన్నాడు. "ఇట్టాంటి చేత్తో ఎట్టా కట్టాలో నాకు తెలవదండి. సోమారం రండి."

రైల్లో వేమూరు దాటేదాకా ఆయన్ని మనసులో తిడుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి, రాడ్డు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను. ఆదివారం మామూలుగానే చర్చికి వెళ్ళలేదు. సోమవారం పొద్దున మా అమ్మాయి చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చింది.

"నేను పోనమ్మా. అవమానం చేశాడు."

"ఏమన్నాడు నాన్నా?"

"తెలవదన్నాడు."

"కస్టమర్ కేరు వాళ్ళకి పదకొండుసార్లు చేశావు. ఆ మాట ఒక్కళ్ళయినా అన్నారా? అన్నవాడి దగ్గరికి రెండోసారి పోలేవా?"

వెళ్ళాను.

ఆయన నాకోసమే చూస్తున్నట్టు సొరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. సొరుగుకు ఇనప కడియం ఉంది. గాలాన్ని చేత్తో పట్టుకోకుండా, దాని వంపును ఆ కడియానికి తగిలించాడు. ఎడమచేత్తో దారం కన్నంలో దూర్చాడు. కుడిచేతి బొటనవేలు లోపలికి ముడిచి, చివరి రెండు వేళ్ళ మధ్య దారం కొస ఇరికించాడు. ఎడమచేత్తో అయిదు చుట్లు చుట్టాడు. కొసను వెనక్కి దూర్చి, నోట్లో తడిపి, పళ్ళతో పట్టి లాగాడు. ముడి కూర్చుంది. అంతా, బొటనవేలు లేనివాడిలా చేశాడు.

"ఎవరు చెప్పారు అన్నగారూ ఇది?"

"ముందు కట్టండి. మాటలు తర్వాత."

ఆ సోమవారం నాకు రాలేదు. రెండు వేళ్ళ మధ్య దారం నిలిస్తేగా. జారిపోతుంటే ఆయన సాయం పట్టలేదు, అయ్యో అనలేదు. తాళ్ళు కొలుచుకుంటూ, "మళ్ళీ" అనేవాడు. రెండో సోమవారం దారం నిలిచింది, చుట్లు విడిపోయాయి. ఇంట్లో తలుపు గడియకు గాలం తగిలించి రోజంతా కట్టేవాణ్ణి. వేళ్ళు నొప్పి పుట్టేవి. చాలా నెలల తర్వాత వాటికి నొప్పి తెలిసింది. నొప్పికి కూడా దేవునికి స్తోత్రం చెల్లించాను.

ఆ సోమవారాల్లోనే మా ఇద్దరికీ మాటలు పెరిగాయి. ఆయన తల పైన గంగమ్మ తల్లి పటం, రోజూ దీపం. నా చేతిలో బైబిలు సంచీ. ఒకరోజు తాడు పేనుతూ అన్నాడు. "మీ ప్రభువు వలల వాళ్ళనే పిలుచుకున్నాడంట కదా మాస్టారూ. మా గాలాల వాళ్ళు చేదా?"

"పిలిచినవాళ్ళలో ఒకడికి గాలం వెయ్యమని కూడా చెప్పాడండి. మొదట పడిన చేప నోట్లో నాణెం దొరుకుతుందన్నాడు."

చప్పున తల ఎత్తాడు. "ఏ నీళ్ళండి?"

నేను తడుముకున్నాను. "పేరుకు సముద్రం. నిజానికి మంచినీళ్ళే. పెద్ద చెరువులాంటిది."

ఆయన చేతిలో తాడు పక్కన పెట్టాడు. "అయితే అడుగున తిరిగే చేపయ్యుంటది. మెరిసేదేదైనా నోట్లో వేసుకునే రకాలున్నాయండి. అది ఎక్కడ తిరుగుద్దో తెలిసినోడే ఆ మాట చెప్పగలడు." మళ్ళీ తాడు అందుకుని, "తెలిసినోడే" అన్నాడు.

ముప్ఫయ్యేళ్ళు ఆ కథ పిల్లలకు చెప్పాను. అద్భుతమనే చెప్పాను. చెప్పినవాడికి ఆ నీళ్ళు తెలుసునన్న సంగతి ఒక్కసారీ చెప్పలేదు. ఆ వాక్యానికి నేను విన్న ప్రసంగాలన్నిటిలో ఇదే చిన్నది.

అయిదో సోమవారం నా ముడికి రెండు కేజీల సీసం వేలాడదీశాడు. దారం సన్నగా వణికింది. తెగలేదు. ఆయన పక్కకు తిరిగి, సర్ది ఉన్న తాళ్ళే మళ్ళీ సర్దాడు. తర్వాత గాలాలు తీసి ఒక్కొక్కటీ గోటి మీద చూసి, కాగితంలో చుట్టి, "ఇప్పుడు అమ్ముతానండి" అన్నాడు.

దుగ్గిరాల కాలవ మీద నాకు మొదట పడింది జానెడు జెల్ల. కుడిచేత్తో పిడి తిప్పాను. నెమ్మదిగా వచ్చింది, కానీ వచ్చింది. విప్పి నీళ్ళలో వదిలేశాను.

తర్వాతి ఆదివారం అందరికంటే ముందు చర్చికి వెళ్ళాను. సుద్దముక్క చివరి రెండు వేళ్ళ మధ్య ఇరికించి, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని రాశాను. ఒక్క వాక్యానికి ముప్పావుగంట పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పాస్టరుగారు వచ్చి చదివి, లోపలికి పోయి, చాలాసేపు బయటికి రాలేదు. అప్పటినుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, దేవుడు ఒక మనిషి ద్వారా నా చెయ్యి నాకిచ్చాడని చెప్పాను. ఆ మనిషికి మాత్రం నల్లబల్ల సంగతి చెప్పలేదు. చేపల సంగతే చెప్పేవాణ్ణి. ఈ సోమవారం చెబుదాం, వచ్చే సోమవారం చెబుదాం అనుకునేవాణ్ణి.

పోయిన నెల ఒక సోమవారం వెళ్ళేసరికి కొట్టు మూసి ఉంది. నాలుగు రోజుల కింద గుండె ఆగిందని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. ఇల్లు కొట్టు వెనకే. వెళ్ళాను. ఆయన భార్యను అంతకుముందు చూడలేదు. నన్ను గుమ్మంలో చూడగానే ఆమె కళ్ళు నా చేతి మీదికి వెళ్ళాయి.

"తెనాలి మాస్టారు కదా అన్నయ్యగారూ?"

"అవునమ్మా. ఎలా గుర్తుపట్టారు?"

"ఎందుకు పట్టనండి? మీ మూలాన ఒక వారం మా ఇంట్లో గొడవ." ఏడుపులోనే నవ్వింది. "మీరొచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం కుడిచేతి బొటనవేలూ, పక్కవేలూ గుడ్డతో కట్టెయ్యమన్నారు. ఎందుకంటే చెప్పరు. వారం రోజులు విప్పలేదు. స్నానం అట్టాగే, అన్నం ఎడంచేత్తో. కొట్లో కూర్చుని కడతారు, పీకుతారు. రెండుసార్లు గాలం గుచ్చుకుని రక్తం కారింది. నేను తిట్టాను, ఎవరో మాస్టారి కోసం నీకెందుకయ్యా అని. నాకు రాకుండా ఆయనకెట్టా చెప్తానే అన్నారు."

నేను అక్కడే అరుగు మీద కూర్చున్నాను. ఆ రోజు రైల్లో ఆయన్ని నేను తిడుతున్న సమయానికి ఆయన తన చేతికి గుడ్డ కట్టించుకుంటున్నాడు. నా ప్రభువు నాకోసం నా శరీరంలాంటి శరీరం ధరించాడని ఎన్నో క్రిస్మస్‌లకు ప్రసంగించాను. ఆ మాట అర్థం ఒక అరుగు మీద కూర్చుని తెలుసుకోవలసి వచ్చింది.

నల్లబల్ల సంగతి ఆమెకు చెప్పాను. మొదటినుంచి చివరిదాకా. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"ప్రార్థన చేయవచ్చా అమ్మా?" అని అడిగాను.

"చెయ్యండి అన్నయ్యగారూ. నాకు మీ ప్రార్థన తెలవదు. పక్కన కూర్చుంటాను."

కూర్చుంది. కొట్టు మళ్ళీ తెరుస్తానని, సొరుగుల్లో ఏది ఎందుకో నేర్చుకోవాలని చెప్పింది. నాకు తెలిసిన కొద్దిపాటిదీ చెప్పడానికి సోమవారాలు వెళుతున్నాను.

ప్రియమైన చదువరులారా, ఇక్కడ ఆగి ఈ ప్రార్థనలో నాతో ఏకీభవించమని వేడుకుంటున్నాను. ప్రభువా, తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తన ఒంటి మీద తెలుసుకుని, ఇంకొకరికి నేర్పిన ఆ మనిషి కోసం నీకు వందనాలు. నీ నీళ్ళు నీకు తెలిసినట్టే ఆయన హృదయం నీకు తెలుసు, ఆయన్ని నీ చేతికి అప్పగిస్తున్నాం. ఆ కొట్టు బల్ల వెనక ఇప్పుడు నిలబడిన ఆమెకు ధైర్యం ఇవ్వు. ఎక్కడో ఫోన్ల దగ్గర కూర్చుని, నేర్పేవాళ్ళు లేక, మా కోపం భరిస్తున్న ఆ పిల్లలకు కూడా ఒక మంచి గురువును పంపు. నేను నా కుడిచెయ్యి ఎత్తుతున్నాను. అది భుజం దాకానే లేస్తుంది. మీది ఇంకా పైకి లేస్తే, నా తరపున కూడా ఎత్తండి.